ఖాళీ అంటే అందరూ

ఆ రోజు ఉదయం షరతుల బాబాయి పెట్టుకున్న పని ఒక్కటే. కంపెనీ యజమానురాలు ఆఫీసుకు వచ్చేలోగా కంప్యూటరు లాగ్‌లో ఎర్ర లైను పడకుండా చేయాలి. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా అన్నది ఆవిడ దయ, తన ప్రాప్తం.

అతన్ని షరతుల బాబాయి అని పిలవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది అతని పని. డేటాబేసుకు మన భాష రాదు, ప్రోగ్రాములు రాసేవాళ్లకు దాని భాష రాయడం విసుగు. ఇద్దరి మధ్య దుబాసీలా నిలబడి, "ఫలానా షరతులకు సరిపోయినవాళ్లను తీసుకురా" అన్న మాటను దానికి అర్థమయ్యేలా పేర్చి చెప్పే లైబ్రరీ ఒకటి కావాలి. మిగతా కంపెనీలు దాన్ని రెడీమేడ్‌గా తెచ్చుకుంటాయి. ఇక్కడ మాత్రం బాబాయే, నెత్తిమీద జుట్టున్న రోజుల్లో, స్వయంగా కూర్చుని రాశాడు. జుట్టు పోయింది, లైబ్రరీ మిగిలింది.

రెండో కారణం అతని నోరు. అది షరతు లేకుండా తెరుచుకోదు. "రేపు వస్తారా?" అని అడిగితే, "ఒంట్లో బాగుంటే, బస్సు దొరికితే, ఈలోగా ఏమీ కాకపోతే వస్తాను" అంటాడు. పెళ్లికి ముందు భార్యతో కూడా, "మీకు అభ్యంతరం లేకపోతే, నా ఉద్యోగం నిలబడితే, మనం పెళ్లి చేసుకోవచ్చేమో" అన్నాడట. ఆవిడ ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆగి మరీ ఒప్పుకుంది. ఆ ఓపికే ఇన్నేళ్లుగా కాపురాన్ని నెట్టుకొస్తోంది.

ఈ మధ్య మేనేజరు కన్ను ఆ లైబ్రరీ మీద పడింది. పాతబడిందనీ, రెడీమేడ్‌ది కొందామనీ యజమానురాలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఒప్పందం కాగితాలు కూడా సిద్ధం చేయించాడు. ఇవాళ్టి మీటింగులో తేలిపోవాలి. లైబ్రరీ పోతే బాబాయికి ఈ ఆఫీసులో వేరే పని లేదు. ఆ వయసులో ఇంకో ఆఫీసువాళ్లు పిలిచి కుర్చీ వేస్తారన్న భ్రమ కూడా అతనికి లేదు.

కంపెనీకున్న పెద్ద ఖాతా, అంత్యక్రియల ఏర్పాట్లు చేసే ఒక సంస్థది. పోయినవాళ్ల వివరాలు, వాళ్ల ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు అన్నీ ఇక్కడి డేటాబేసులోనే ఉంటాయి. బతికుండగానే తమ ఏర్పాట్లు తామే చేసిపెట్టుకున్న దూరాలోచనపరులు కూడా అందులోనే ఉంటారు. రోజూ తొమ్మిదింటికి ఒక ప్రోగ్రాము లేచి, ఆ తేదీన పోయినవాళ్లెవరో చూసి, వాళ్ల ఇళ్లకు సందేశం పంపుతుంది. "మీ ఆత్మీయులు మనల్ని విడిచి వెళ్లిన రోజు ఇది. మీ దుఃఖంలో మేమూ ఉన్నాం."

ఎవరూ పోని తేదీ వచ్చిందంటేనే చిక్కు. జాబితా ఖాళీగా వస్తుంది. ఆ ఖాళీ జాబితాను లైబ్రరీ అలాగే తీసుకెళ్లి డేటాబేసు ముందు పెడుతుంది. ఇదేం ప్రశ్న అన్నట్టు అది విసిరికొడుతుంది. ప్రోగ్రాములు తమ మంచిచెడ్డలు రాసుకునే లాగ్‌లో ఎర్రటి లైను ఒకటి పడుతుంది. అంతకు మించి నష్టమేమీ లేదు. కాని మేనేజరు ఆ ఎర్ర లైన్లన్నీ ఏరి, యజమానురాలికి చూపించడానికి దాచిపెట్టుకున్నాడు.

బాబాయి వచ్చేసరికి టెస్టింగ్ చూసే అమ్మాయి ఒక్కతే ఉంది. బాబాయి అంటే ఆమెకు అభిమానం, అతని ప్రోగ్రాములంటే అనుమానం. రెండోది ఆమె ఉద్యోగం.

"ఎర్ర లైను వచ్చిందంటే ఆ తేదీన ఎవరూ పోలేదనేగా బాబాయ్? మంచి కబురే కదా, ఉండనివ్వచ్చుగా!"

"మంచి కబురు ఎర్రగా ఎందుకుండాలమ్మా?" అంటూ అతను లైబ్రరీ తెరిచాడు.

వెతికే స్క్రీనులో ఊరి పేరు రాయకపోతే, ఊరి షరతును వదిలేసి అన్ని ఊళ్లవాళ్లనూ చూపించే ఏర్పాటు ఒకటి అతనే ఎప్పుడో చేశాడు. దాన్ని నలుగురూ మెచ్చుకున్నారు. అతన్ని ఎవరైనా మెచ్చుకోవడం అరుదు కాబట్టి ఆ సంగతి బాగా గుర్తుంది. అదే పద్ధతిని ఇప్పుడు అన్ని షరతులకూ పట్టించాడు. షరతులో ఏమీ లేకపోతే అసలు ఆ షరతునే పక్కన పెట్టేయాలి.

"ఏమీ లేనిది షరతెలా అవుతుంది?" అన్నాడు, కాస్త గర్వంగానే.

"వదిలేస్తే మరి అందరూ..." అని ఆ అమ్మాయి ఏదో అనబోయింది.

ఈలోగా మేనేజరు వచ్చేశాడు. ఆయనకు అన్నిటికీ తొందరే. ఏ బటనైనా రెండుసార్లు నొక్కితేగాని ఆయనకు తృప్తి ఉండదు. లిఫ్టు దగ్గర అంతే, డోర్‌బెల్ దగ్గర అంతే. కాఫీ మెషీను దగ్గర కూడా అంతే కాబట్టి రెండో కప్పు కాఫీ రోజూ ఆయన బూటు మీద పడుతుంది.

"అయిందా?"

"కరెంటు పోకపోతే, నేనేమీ మరిచిపోకుండా ఉంటే, అయినట్టే సార్."

మేనేజరు వంగి, మార్చిన లైబ్రరీని పనిలో పెట్టే బటన్ తానే నొక్కాడు. ఇంకోసారి కూడా నొక్కాడు.

తొమ్మిదయింది. లాగ్‌లో ఎక్కడా ఎరుపు లేదు. ఒక్క తప్పూ లేకుండా లైన్ల మీద లైన్లు పచ్చగా పారుతున్నాయి. అంత శుభ్రమైన ఉదయం బాబాయి చూసి చాలా ఏళ్లయింది. అందుకే అతనికి భయం వేసింది.

ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"ఆఫీసులో. ఏం?"

"అబ్బే, ఏం లేదు. మీరు పోయిన రోజు ఇవాళేనని మెసేజీ వచ్చింది."

కంపెనీవాళ్లకు తగ్గింపు ఇస్తున్నారంటే అతను కూడా ఆ సంస్థలో ముందుగానే చేరి, కబురు చెప్పాల్సిన నంబరుగా భార్యది ఇచ్చాడు.

"ఏ ఏడాదో రాయలేదు. అదే ఆలోచిస్తున్నాను," అంది ఆవిడ.

"అదేదో పొరపాటయి ఉంటుంది. నాకు తెలిసినంతవరకు నేను బతికే ఉన్నాను."

"దీనికి కూడా షరతేనా! సరే, వచ్చేటప్పుడు వరండాలోకి ఒక బల్బు తెండి. అది మాత్రం నిజంగానే పోయింది."

అతను ఫోను పెట్టేసరికి ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. బతికుండగానే పేరు రాయించుకున్నవాళ్లందరి ఇళ్లకూ ఆ సందేశం వెళ్లింది. ఒకావిడ, భర్త ఎదురుగా కూర్చుని తింటుండగా మెసేజీ చూసి గొల్లుమంది. ఆయన కారణం తెలియక ఆవిడతో కలిసి ఏడ్చాడు, తెలిశాక ఇంకాస్త ఏడ్చాడు. ఒకాయన ఇంటికి బంధువులు పూలదండలు పట్టుకుని వచ్చేశారు. వచ్చినవాళ్లను గుమ్మంలోంచి పంపేయలేక ఆయనే కుర్చీలు వేసి, వాళ్ల పక్కన దిగులుగా కూర్చున్నాడట. ఇంకొకాయన, ఎలాగూ అయిపోయింది కాబట్టి, తన ఏర్పాట్లు చెప్పినట్టే జరిగాయా లేదా అని నిలదీశాడు.

"తేదీ! మెషీనులో గడియారం తప్పు తిరిగింది," అని మేనేజరు తేల్చేశాడు. బాబాయికీ అదే నిజమనిపించింది. తన కొత్త మార్పు మీదికి అనుమానం పోనివ్వడానికి అతనికి మనసొప్పలేదు. దాన్ని చేశాక ఇంకా కాఫీ అయినా తాగలేదు, అంత కొత్తది.

"ఆవిడ వచ్చేలోగా క్షమాపణ వెళ్లిపోవాలి. రాసుకో," అన్నాడు మేనేజరు. "క్షమించండి. పొరపాటున పంపాం. మీవారు క్షేమంగా ఉన్నారు. నిశ్చింతగా ఉండండి. అంతే. బతికున్నవాళ్ల ఇళ్లకు మాత్రమే వెళ్లాలి. అర్థమైందా?"

బతికున్నవాళ్లెవరో చెప్పే గడి ఆ డేటాబేసులో లేదు. చనిపోయిన తేదీ అని ఒక గడి ఉంది. పోయినవాళ్లకు అందులో తేదీ ఉంటుంది, ఉన్నవాళ్లకు ఖాళీగా ఉంటుంది. డేటాబేసు దృష్టిలో బతకడమంటే అంతే, ఒక గడి ఇంకా నిండకపోవడం. బాబాయి అలాగే షరతు రాశాడు. చనిపోయిన తేదీ ఖాళీ అయి ఉండాలి. లైబ్రరీ ఆ షరతు చూసింది. అందులో ఏమీ లేదు. ఆ ఉదయం నేర్చుకున్న పాఠం ప్రకారం దాన్ని పక్కన పెట్టేసింది.

మేనేజరు పంపే బటన్ నొక్కాడు. ఇంకోసారి కూడా నొక్కాడు.

"బాబాయ్," టెస్టింగ్ అమ్మాయి గొంతు మరీ నెమ్మదిగా వచ్చింది. "ఖాళీ షరతు వదిలేయమన్నది మీరే కదా?"

అప్పుడు అర్థమైంది అతనికి. పొద్దున జాబితా ఖాళీగా వచ్చింది, షరతు పోయింది, అందరికీ చావు కబురు వెళ్లింది. ఇప్పుడు తేదీ ఖాళీ అన్నాడు, ఆ షరతు కూడా పోయింది.

"ఎవరెవరికి వెళ్లింది?" అని అడిగాడు, తెలిసి కూడా.

"అందరికీ. పోయినవాళ్ల ఇళ్లకు కూడా. రెండేసిసార్లు."

ఈసారి ఫోన్లు అంత జోరుగా మోగలేదు. ఒక్కొక్కటీ ఆగి ఆగి మోగింది. మోగిన ప్రతిసారీ, ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఒకావిడ తనకు మళ్లీ పెళ్లయిందనీ, ఇప్పుడు ఏం చేయమంటారనీ గుసగుసగా అడిగింది. ఒకతను ఫోనులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాబాయి "హలో, హలో" అంటుంటే, చివరికి, "నాన్నకు ఒకసారి ఫోనివ్వండి," అన్నాడు.

"కాసేపట్లో మేమే చేస్తామండీ," అనేసి పెట్టేశాడు బాబాయి. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అలాంటి మాట ఏ మనిషీ ఏ మనిషితోనూ అనకూడదు.

యజమానురాలు చెప్పిన వేళకే వచ్చింది. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి, ఆ తక్కువలోనే ఎదుటివాళ్లకు చెమటలు పట్టేవి. మీటింగు గదిలో అంతా విని, బాబాయి వైపు చూసింది.

"ఇది మీ లైబ్రరీ వల్లేనా?"

"అవునమ్మా. తప్పు నాదే."

"చూశారుగా మేడమ్! ఇందుకే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది," అని మేనేజరు అందుకున్నాడు. "ఇంకో గంట ఈయన్ని ఉంచినా బతికున్నవాళ్లను పూడ్చేస్తాడు. మీరు సరేనంటే ఇప్పుడే తీసేస్తాను."

యజమానురాలు తల ఊపింది. వాదించడానికి బాబాయి దగ్గర ఒక్క షరతు కూడా లేదు.

ఉద్యోగులను చేర్చుకునే, తీసేసే స్క్రీను కూడా బాబాయి లైబ్రరీ మీదే నడుస్తుంది. మేనేజరు అతని పేరు పక్కన టిక్కు పెట్టి బటన్ నొక్కాడు. బాబాయి జేబులో ఫోను చిన్నగా వణికింది. "మీ సేవలు ఇక అవసరం లేదు. ఇన్నాళ్ల సహకారానికి కృతజ్ఞతలు." ఆ వాక్యం పంపే ప్రోగ్రాముకు షరతులు కట్టి పెట్టింది కూడా తనేనని గుర్తొచ్చి, అతను గది దాటాడు. వెనక మేనేజరు ఇంకోసారి బటన్ నొక్కిన చప్పుడూ, ఒప్పందం కాగితాల కోసం కలం మూత తీసిన చప్పుడూ వినిపించాయి.

బల్ల మీద ఉన్నవి ఒక కప్పు, కళ్లజోడు పెట్టె, ఒక స్వెట్టరు. మూడూ చేతుల్లో పట్టేశాయి. టెస్టింగ్ అమ్మాయి తన కార్డుతో గాజు తలుపు తీసిపెట్టింది. ఆమెకు ఏడుపు వస్తోంది. "ఉండమ్మా, ఏం కాదు," అన్నాడు బాబాయి. అతని వెనకే తలుపు మూసుకుంది.

తలుపు బయట, మెట్ల దగ్గర, వచ్చినవాళ్ల కోసం వేసిన బల్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డసంచి.

"బెల్లు కొడితే ఎవరూ పలకడం లేదు నాయనా. లోపల మనుషులున్నారా?"

"ఉన్నారమ్మా. ఎవరు కావాలి?"

ఆవిడ ఫోను అతనికి అందించింది. "మా ఆయన క్షేమంగా ఉన్నారని రాశారు. రెండుసార్లు రాశారు."

బాబాయి పక్కనే కూలబడ్డాడు. కప్పు, కళ్లజోడు పెట్టె బల్ల మీద పెట్టాడు. స్వెట్టరు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

"ఆ తప్పు చేసింది నేనేనమ్మా. క్షమించమని అడగడానికి మొహం కూడా చెల్లడం లేదు."

"నేనేం నమ్మలేదులే. ఆయన్ని సాగనంపింది నేనే, నాకు తెలియదూ?" ఆవిడ సంచిని కాస్త దగ్గరికి లాక్కుంది. "నమ్మలేదు. కాని చొక్కా ఇస్త్రీ చేశాను."

సంచిలోంచి నీలం చారల చొక్కా మడత కనిపిస్తోంది. కాలరు నిటారుగా నిలబడేలా చేసింది.

"మొదటిది చూసి పట్టించుకోలేదు. రెండోది కూడా వచ్చేసరికి మనసు ఆగలేదు. పొరపాటైతే ఒకసారి చేస్తారు గాని, ఎవరైనా రెండుసార్లు చేస్తారా? గట్టిగా నాలుగు కేకలేద్దామని వచ్చాను. ఈ మెట్లెక్కేసరికి ఓపిక అయిపోయింది."

"ఇక మీకు ఏ మెసేజీ రాకుండా నంబరు తీసేయిస్తానమ్మా."

"అయ్యో, ఆ పని చేయకు!" ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. "పోయిన ఏడాది ఆయన తేదీ ఒక్కళ్లకీ గుర్తు లేదు. మీ దగ్గర్నుంచి వచ్చిందే. అదే రోజంతా తీసి తీసి చూసుకున్నాను. వచ్చే నెల మళ్లీ ఆ తేదీ వస్తోంది. అప్పుడు పంపుతావా?"

బాబాయి నోటిదాకా అలవాటైన మాటలన్నీ వచ్చాయి. ఉద్యోగం ఉంటే. లైబ్రరీ ఉంటే. రెండూ లేవు, అతనికి ఆ తలుపు తీసుకుని లోపలికి పోయే హక్కు కూడా లేదు. ఆవిడ మొహం చూస్తే అవేవీ అనబుద్ధి కాలేదు.

"పంపుతానమ్మా," అన్నాడు.

పెళ్లప్పుడు కూడా చేయని పని అది. షరతు లేకుండా మాట ఇచ్చేశాడు. ఇచ్చాక, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో తెలియక బిక్కచచ్చిపోయాడు.

సరిగ్గా అప్పుడే గాజు తలుపు అవతల ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. అంతమంది పేర్లు కొట్టేయడానికి మెషీనుకు అంతసేపు పట్టింది. కంప్యూటర్ల తెరలు వరసగా నల్లబడ్డాయి. మనుషులు గాజు దగ్గరికి గుంపుగా వచ్చి కార్డులు రుద్దారు. తలుపు కదల్లేదు. మేనేజరు అందర్నీ తోసుకుని ముందుకొచ్చి తలుపు బటన్ రెండుసార్లు నొక్కాడు, ఆ తర్వాత లెక్క వదిలేశాడు. టెస్టింగ్ అమ్మాయి తన ఫోను గాజుకు ఆనించింది. "మీ సేవలు ఇక అవసరం లేదు" అని ఉంది. పక్కన యజమానురాలు కూడా తన ఫోను ఆనించింది. అందులోనూ అదే.

"తలుపు తీయండి!" అని ఆవిడ గాజు వెనక నుంచి అరిచింది.

"నా కార్డు పనిచేయదమ్మా! నన్ను తీసేశారు!"

"మమ్మల్నీ తీసేశారు!"

మెట్ల పక్క గోడలో ఆ తలుపు తాళానికి కరెంటు ఇచ్చే స్విచ్చు ఉందని బాబాయికి తెలుసు. అది కిందికి లాగాడు. తాళం టక్కుమని వదిలేసింది, అంతమందీ మెట్ల మీదికి తూలిపడ్డారు. వాళ్లకు చోటివ్వడానికి ముసలావిడ కాళ్లు దగ్గరికి తీసుకుంది.

"ఏం జరిగింది?" అంది యజమానురాలు. "షరతుల్లేకుండా చెప్పండి."

"నన్ను తీసేసే బటన్ మేనేజరుగారు రెండుసార్లు నొక్కారమ్మా. మొదటి నొక్కుకు నేను పోయాను. రెండో నొక్కుకు తీసేయడానికి ఎవరూ మిగల్లేదు, జాబితా ఖాళీ అయింది. ఖాళీ అంటే అందరూ అని లైబ్రరీకి ఇవాళ పొద్దున్నే నేర్పాను. అది బాగా నేర్చుకుంది."

"నేనెందుకున్నాను అందులో?"

"మీరూ జీతం తీసుకుంటున్నారు కదమ్మా. మొదటి పేరు మీదే."

ఆవిడ మేనేజరు వైపు ఒక్క చూపు చూసింది. ఆయన తన చూపుడువేలిని చూసుకున్నాడు.

"సరిచేయగలరా?"

"చేయగలను. కాని నేను ఉద్యోగిని కాను."

"ఇక్కడ ఇప్పుడు ఎవరూ కాదు. చేయండి."

వెనక గదిలోని పెద్ద మెషీనుకు ఉద్యోగులెవరో, కానివాళ్లెవరో పట్టదు. దానికి తెలిసింది ఒకే పాస్‌వర్డు, అది పెట్టింది బాబాయి. దాని ముందు కూర్చున్నాడు. ముసలావిడ కూడా వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది, సంచి ఒళ్లోనే ఉంది. ఎవరో మంచినీళ్లిచ్చారు.

బాబాయి మనుషుల సంగతి పక్కన పెట్టి ముందు లైబ్రరీ పట్టుకున్నాడు. ఒక ఇంట్లో కుర్చీ ఖాళీగా ఉందంటే దాని మీద ఊరంతా కూర్చున్నట్టు కాదు, అందులో ఉండాల్సిన మనిషి లేడని. ఇంతకాలం షరతులు కట్టి తనకు ఆ మాత్రం తోచలేదు. తేదీ ఖాళీ అంటే, ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లే రావాలని రాశాడు. జాబితా ఖాళీగా వస్తే ఎవర్నీ ముట్టుకోకూడదు, అక్కడే ఆగిపోవాలి, లాగ్‌లో ఎర్రగా రాయాలి. రాసి, టెస్టింగ్ అమ్మాయిని పిలిచాడు.

"ఏమీ లేకుండా ఇచ్చి చూడమ్మా. ఉన్నవన్నీ నేను చూశాను."

ఆ అమ్మాయి ఖాళీ జాబితాలు, ఖాళీ గడులు, ఖాళీ పేర్లు, తోచినన్ని రకాల ఖాళీలు ఇచ్చి చూసింది. ఎవరూ చావలేదు, ఎవరూ బతకలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఆ తర్వాత బాబాయి పొరపాటున పోయినవాళ్లందర్నీ వెనక్కి తెచ్చాడు. తెరలు వెలిగాయి. యజమానురాలు తన కార్డు రుద్ది చూసుకుని వచ్చింది.

"అందరూ వచ్చినట్టేనా?"

"వచ్చారమ్మా."

"మీరు?"

"పొరపాటున తీసేసినవాళ్లు మాత్రమే రావాలని షరతు పెట్టానమ్మా. నన్ను తీసింది పొరపాటున కాదుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే వినడానికి అందరికీ కష్టమైంది. యజమానురాలు ఒప్పందం కాగితాలు తెమ్మంది.

"ఈ రెడీమేడ్ లైబ్రరీకి ఖాళీ జాబితా ఇస్తే ఏం చేస్తుంది?"

"అది... కనుక్కుని చెప్తాను మేడమ్," అన్నాడు మేనేజరు.

"ఈయనకు ఇవాళ తెలిసింది. ఇంకొకరికి మళ్లీ మొదట్నుంచీ నేర్పించే ఓపిక నాకు లేదు. పైగా దీని మీద మీరు సంతకం పెట్టింది ఆ బటన్ రెండోసారి నొక్కాకే కదా?"

"అవును మేడమ్."

"అంటే అప్పటికి మీరు ఈ కంపెనీ మనిషి కాదు. ఇది చెల్లదు." ఆవిడ కాగితాలను నిలువునా చింపి, ముక్కలు ఆయన చేతిలోనే పెట్టింది. "ఈయన్ని చేర్చుకోండి. తీసిన చేత్తోనే."

మేనేజరు కూర్చున్నాడు. ఆఫీసంతా ఆయన కుర్చీ చుట్టూ మూగింది. బాబాయి పేరు పక్కన టిక్కు పెట్టి బటన్ నొక్కాడు. బాబాయి జేబులో ఫోను వణికింది. మేనేజరు వేలు అలవాటు కొద్దీ మళ్లీ లేచింది. అది దిగేలోగా, పక్కన నిలబడ్డ ముసలావిడ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చాలు నాయనా," అంది.

పోయినవాళ్ల ఇళ్లకు ఇంకో క్షమాపణ మెసేజీ పంపుదామా అని మేనేజరు అడిగితే, టెస్టింగ్ అమ్మాయి ఆయన ముందున్న కీబోర్డు పక్కకు జరిపింది. బాబాయి ఒక్కొక్కళ్లకీ తానే ఫోను చేస్తూ సాయంత్రందాకా కూర్చున్నాడు. నాన్నకు ఫోనివ్వమన్న అతనికి మొదట చేశాడు. అతను తిట్టలేదు, తెలుసునండీ అని మాత్రం అన్నాడు. తిడితే బాగుండుననిపించింది బాబాయికి. బల్బు కొనుక్కుని ఇంటికి చేరేసరికి వరండాలో ఏమీ కనిపించడం లేదు. భార్య చీకట్లోనే తలుపు తీసి, అతని మొహం తడిమి చూసి, మెసేజీల సంగతి ఎత్తకుండా లోపలికి తీసుకెళ్లింది.

మర్నాడు తొమ్మిదింటికి లాగ్‌లో ఎర్ర లైను పడింది. ఆఫీసంతా దాన్ని చూసి, హమ్మయ్య అనుకుని, ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.